సుభద్ర ఆంటీ బస్సులో కరెంటు కోత

మొన్న శనివారం ఇక్కడ సింగపూర్‌లో, బెడోక్‌లోని మా బ్లాకు కింద ఆరోగ్య పరీక్షలు చేసే బస్సు ఒకటి ఆగింది. కూరగాయల సంచీతో దాని పక్కగా వస్తుంటే, వెనకనున్న జనరేటరు నిండు బస్తా ఎత్తుకున్న మనిషిలా ఒక్క క్షణం మూలిగి, తేరుకుని, మళ్లీ మామూలుగా మోగసాగింది. లోపల ఏసీ మొదలైందన్నమాట. డీజిలు వాసన, ఏసీ నీళ్లకు తడిసిన సిమెంటు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నా చెయ్యి దానంతట అదే గాలిలోకి లేచింది, ఎదురుగా లేని కంప్యూటరు తెరను బటన్ నొక్కి ఆపడానికి. పక్కనే వస్తున్న మా అమ్మాయి, "అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్ లా?" అంది. ఏం చెప్పను? సుభద్ర ఆంటీ గుర్తొచ్చారని చెప్పాను. ఆవిడెవరని అడిగింది. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అది వైటూకే గండం గడిచి, లోకమంతా కంప్యూటరు తప్ప మరో మాట మాట్లాడని కాలం. అమీర్‌పేటలో నాలుగు కోర్సులు చేసి సింగపూర్ వచ్చి పడ్డాను. వుడ్‌ల్యాండ్స్‌లో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాటు అద్దెకు తీసుకున్నాను. మా ఊళ్లో నాన్న ఇంటి తాళంచెవి కూడా నా చేతిలో ఎప్పుడూ లేదు. ఇక్కడ నాకంటూ ఒక తాళంచెవి ఉంది, సాయంత్రం ఎన్నింటికి వచ్చావని అడిగేవాళ్లు లేరు. ఆ తాళంచెవి పోగొట్టుకోకూడదు, అంతే. అప్పట్లో నా జీవితాశయం అదొక్కటే.

నాకు ఉద్యోగమిచ్చిన చిన్న కంపెనీకి సుభద్ర గారు మేనేజరు. యాభై దాటిన మనిషి. కాటన్ చీర మీద కాన్వాసు బూట్లు వేసుకునేవారు. నడిస్తే పక్కవాళ్లు పరుగెత్తాల్సిందే. మొదటి రోజు నేను "మేడమ్" అనగానే ఆగిపోయారు. "మేడమ్ ఏంటే? ఆఫీసులో అందరిలాగా సుభద్ర అను. బయట ఆంటీ అను. మేడమ్ అంటే నాకు వెనక ఎవరో నిలబడ్డారనిపిస్తుంది" అన్నారు. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. లోపలా బయటా ఆంటీ అనే అన్నాను. ఇక్కడికి రాకముందు కృష్ణా జిల్లాలో ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఇంజనీరుగా చేశారట. భర్త ఉద్యోగం కోసం వచ్చి, కంప్యూటర్లు నేర్చుకుని, ఈ కంపెనీలో చేరారు. ఆ పాత ఉద్యోగం మాకు పనికొస్తుందని అప్పుడెవరూ అనుకోలేదు.

మా పని ఒక బస్సు. పాత బస్సులో సీట్లు పీకేసి, ఎడమవైపు అయిదు, కుడివైపు అయిదు, ముందు టీచరుకు ఒకటి, కంప్యూటర్లు బిగించారు. దాన్ని హౌసింగ్ బ్లాకుల కింద ఆపి, వయసు మళ్లినవాళ్లకు మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాలి. ఖర్చు ఒక స్వచ్ఛంద సంస్థది, నేర్పడం మాది. బండి ఆగితే ఇంజను ఆపాలన్నది ఇక్కడి రూలు కాబట్టి బస్సు సొంత ఏసీ పనిచేయదు. వెనక కిటికీకి బిగించిన ఒక చిన్న ఏసీ, దానికీ కంప్యూటర్లకూ కలిపి ఒక జనరేటరు. ఇంతే మా రాజ్యం. ఆ రోజుల్లో కంప్యూటరు తెరలంటే ఇప్పటిలా పలకలు కావు, బానపొట్ట టీవీలు. పది తెరలు వెలిగితే పది పొయ్యిలు వెలిగినట్టే.

రెండో వారంలోనే జరగాల్సింది జరిగింది. సెంబవాంగ్‌లో మిట్టమధ్యాహ్నం క్లాసు. లిమ్ ఆంటీ అని డెబ్బై ఏళ్లావిడ, రోజూ అందరికంటే ముందొచ్చి టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ చోప్, అంటే ఇక్కడివాళ్ల భాషలో రిజర్వు, చేసుకునే మనిషి, "అయ్యో, సో హాట్ లా..." అంటూ కీబోర్డు మీదికి వాలిపోయింది. నీళ్లు చల్లితే లేచి కూర్చుంది, పైగా మమ్మల్నే ఓదార్చింది. కానీ కబురు సంస్థవాళ్లకు చేరింది. నెలాఖరుకు వాళ్ల డైరెక్టరు స్వయంగా వచ్చి క్లాసులో కూర్చుంటారట. బస్సు చల్లబడితే సరే, లేకపోతే కార్యక్రమం మూసేస్తారట. నన్ను తీసుకుందే ఈ బస్సు కోసం. అది ఆగితే ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే నా పాసు రద్దవుతుంది, నేను విమానమెక్కాలి. ఆ రాత్రి తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఆంటీ మాత్రం పెళ్లిపనులు మొదలైనంత ఉత్సాహంగా ఉన్నారు. నాలుగు రోజుల్లో రెండో ఏసీ కొని, వర్క్‌షాపులో ముందు కిటికీకి బిగించేశారు. మర్నాడు క్లాసులో అందరం చప్పట్లు కొట్టాం. ఆంటీ రిబ్బను కత్తిరించినంత ఠీవిగా స్విచ్చి వేశారు. జనరేటరు ఒక్క కేక పెట్టి చచ్చిపోయింది. తెరలన్నీ చీకటి. ఉన్న ఏసీ కూడా ఆగింది. వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని అరపేజీ టైపు చేసిన లిమ్ ఆంటీ ఆ చీకట్లో "మై లెటర్!" అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"పెద్ద జనరేటరు పెడదాం ఆంటీ" అన్నాను.

"ఎక్కడ పెడతావ్, నీ నెత్తిమీదా? ఉన్నదాని చప్పుడుకే పైఅంతస్తులవాళ్లు తిడుతున్నారు."

"పోనీ, ఏది ఎప్పుడు ఆన్ కావాలో చూసుకునే ప్రోగ్రాము ఒకటి రాస్తాను." ఆ రోజుల్లో మా బ్యాచ్ మొత్తానికి అదే జబ్బు. పెళ్లి కుదరకపోతే దానికీ ఒక ప్రోగ్రాము రాసేవాళ్లం.

ఆంటీ నవ్వలేదు. ఆగిపోయిన జనరేటరు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. తర్వాత ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను మర్చిపోలేను.

"ఓసి పిచ్చిమొహమా, మనం ఎక్కణ్ణుంచి వచ్చాం? ఉన్న కరెంటు చాలకపోతే మన ఊళ్లో ఏం చేస్తాం?"

"కోత పెడతారు."

"మరి పెట్టేద్దాం!"

సింగపూర్‌లో కరెంటు కోత! ఆ మాట ఈ దేశంలో పలికిన మొదటి మనిషి ఆవిడేనేమో. కంపాస్ పెట్టెలోంచి వస్తువులు తీసినంత సులువుగా లెక్కంతా చెప్పుకుంటూ పోయారు. ఏసీ మొదలయ్యే క్షణంలోనే ఎక్కువ కరెంటు లాగుతుంది, పరుగు అందుకున్నాక అంత తినదు. కాబట్టి క్లాసుకు ముందే, ఒక్క కంప్యూటరూ వెలగకముందే, రెండు ఏసీలనూ ఒకదాని తర్వాత ఒకటి పరుగెత్తించాలి. మధ్యలో వాటిని ఆగనివ్వకూడదు. ఇక తెరలు ఒక్కసారికి ఒక వరుసే. ఎడమ వరుసకు కోత పడ్డప్పుడు వాళ్లు లేచి కుడివాళ్ల పక్కన కూర్చోవాలి, తర్వాత కుడివాళ్ల వంతు. తెరలు సగం ఆగితే కరెంటూ మిగులుతుంది, వేడీ తగ్గుతుంది.

"ముసలివాళ్లు ఒప్పుకుంటారా ఆంటీ? చేస్తున్న పని ఆపేసి లేవమంటే..."

"సబ్‌స్టేషన్‌లో నా గది ముందు ఎంతమంది రైతులు కూర్చునేవాళ్లో తెలుసా నీకు? కోత పెట్టినందుకు వాళ్లెప్పుడూ నన్ను తిట్టలేదే. చెప్పకుండా తీసినందుకు తిట్టారు, పెద్దవాళ్ల ఫీడరు లైను వదిలేసి వాళ్లది తీసినందుకు తిట్టారు. ముందే చెప్పు. అందరికీ ఒకేలా తియ్. మనిషి ఎంత కష్టమైనా ఓర్చుకుంటాడు."

మర్నాడు క్లాసులో ఆంటీ వంతుల సంగతి నాటకం వేసినట్టు వివరించారు. మొదటి కోత టీచరు కంప్యూటరుకేనని, అంటే నాదేనని, నన్ను అడక్కుండానే ప్రకటించారు. నా తెర నేనే ఆపుకుని, కుర్చీ వదిలి, నిలబడి పాఠం చెప్పాను. ఎడమ వరుస ఆగింది. అయిదుగురు పెద్దవాళ్లు గొణుక్కుంటూ లేచి అటువైపు వెళ్లి కూర్చున్నారు. అప్పుడు మేం ఊహించనిది జరిగింది. నేను పదిసార్లు చెప్పినా అర్థంకాని డబుల్ క్లిక్‌ని ఒక మలయ్ తాతగారు పక్కావిడ చెయ్యి మీద వేలితో తట్టి చూపించారు. ఆవిడకు వచ్చేసింది! బస్సంతా ఒకటే గోల. ఎవరి వంతు అయిపోయిందో నేను చెప్పకముందే లిమ్ ఆంటీ చెప్పేస్తోంది: "యువర్ టర్న్ ఫినిష్ ఆల్రెడీ!" రెండు ఏసీలూ హాయిగా తిరుగుతున్నాయి. ఎవరో శాలువా కప్పుకున్నారు. ఆ శాలువా చూసి నేనూ ఆంటీ చిన్నపిల్లల్లా ఎగిరాం.

నెలాఖరు వచ్చింది. డైరెక్టరు గారు సెంబవాంగ్‌లోనే బస్సెక్కారు. కోటు, టై, వెంట ఇద్దరు సహాయకులు. చల్లదనం చూసి కనుబొమలెత్తారు. తానూ విద్యార్థిలా కూర్చుని చూస్తానన్నారు. ఎడమ వరుసలో మొదటి కుర్చీ ఇచ్చాం. ఆయన చకచకా టైపు చేస్తూ తన పేరుమీద ఏదో పెద్ద సందేశం రాసుకుంటున్నారు, సహాయకులు ఫొటోలు తీస్తున్నారు. నేను గడియారం చూశాను. ఎడమ వరుసకు కోత సమయం దాటిపోతోంది. ఆంటీ వైపు చూసి, వద్దన్నట్టు కళ్లతోనే బతిమాలాను. ఇవ్వాళ ఒక్కరోజుకు కుడి వరుసకే రెండుసార్లు కోత పెడితే ఏం పోయింది? కుడివాళ్లు కూడా అదే అనుకున్నారేమో, లిమ్ ఆంటీ అప్పటికే తన తెర ఆపడానికి చెయ్యి చాచింది.

సుభద్ర ఆంటీ ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. తర్వాత డైరెక్టరు గారి పక్కన నిలబడి, రోజూ అందరితో మాట్లాడే గొంతుతోనే అన్నారు: "సర్, మీ వంతు అయిపోయింది. రాసింది సేవ్ చేసుకోండి. ఒక్క నిమిషంలో తెర ఆపుతున్నాను."

ఆయన తలెత్తి చూశారు. "నేను ఇంకా రాస్తున్నాను."

"అందరూ రాస్తూనే ఉంటారు సర్."

నిమిషం గడిచింది. ఆంటీ వంగి బటన్ నొక్కారు. తెర నల్లబడింది. ఇక విమానమే అనుకున్నాను, పెట్టె ఎలా సర్దాలో కూడా మనసులో మొదలుపెట్టేశాను. అప్పుడు లిమ్ ఆంటీ తన కుర్చీలో పక్కకు జరిగి, ఖాళీ చోటు మీద తట్టి, "కమ్, సిట్, ఐ టీచ్ యూ" అంది. డెబ్బై ఏళ్ల మనిషి పిలిచాక ఏం చేస్తాడు పాపం! కోటు విప్పి చేతిమీద వేసుకుని వెళ్లి, ఇరుక్కుని కూర్చున్నారు. ఆవిడ ఆయనకు తన ఉత్తరం చూపించింది. ఆయన ఒక తప్పు దిద్దబోతే చేతిమీద చిన్న దెబ్బ వేసింది, "మై టర్న్!" అంటూ. ముందుగా నవ్వింది ఆయనే. ఆ తర్వాత బస్సులో ఎవరు ఎవరి భుజం మీద పడి నవ్వారో నాకు తెలియదు.

బస్సు ఆగలేదు. నా పాసు ఆగలేదు. దిగేటప్పుడు ఆయన ఆంటీతో ఏదో అన్నారు. ఏమన్నారని నేను ఎగబడి అడిగితే, "చలేస్తోందన్నాడే" అన్నారు. అంతే. తర్వాత మకాన్‌కి, అంటే భోజనానికి, వెళ్లాం, హాకర్ సెంటర్‌లో ఇద్దరం చెరో రెండు ప్లేట్లు తిన్నాం. "భయం వేయలేదా ఆంటీ?" అని అడిగాను. నూడుల్స్ నములుతూ అన్నారు: "ఎందుకు వేయదు? చేతులు వణికాయి. నువ్వు చూడలేదు, చీరకొంగు కింద పెట్టుకున్నా. కానీ ఆ పెద్దావిడ తెర ఆపి ఆయన తెర వెలిగిస్తే, రేపటినుంచి వంతు అని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?"

కొన్నేళ్లకు ఆవిడ ఇండియా వెళ్లిపోయారు. ఇప్పుడు నా కింద పెద్ద టీమే పనిచేస్తోంది. ఎప్పుడూ ఏదో ఒకటి చాలదు: మనుషులో, సమయమో, బడ్జెట్టో. ఎవరో ఒకరికి కోత పెట్టాలి. చిన్నవాళ్లకు ఆ మాట చెప్పడం ఎవరికైనా సులువే. పై అంతస్తు గదిలో, పొడుగు బల్లకు అటు చివర కూర్చున్న మనిషితో "సర్, ఈసారి మీ వంతు అయిపోయింది" అనడానికి ముందు నా చేతులు ఇప్పటికీ వణుకుతాయి. నేను చీర కట్టను కాబట్టి బల్ల కింద దాచుకుంటాను. కానీ అంటాను.