చిన్నక్క పెళ్ళి, నా రెండో లైటు

తీసిన ఫొటో ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే పది రోజులు ఆగవలసిన కాలం ఒకటుండేది. ఆ పది రోజులూ మనిషి తన ఫొటోల గురించి ఎంత గొప్పగానైనా చెప్పుకోవచ్చు. రీలు కడిగించేదాకా కాదనేవాడుండడు. నా యౌవనంలో నేను సుఖంగా ఉన్న రోజులన్నీ రీలు ఇంకా కెమెరాలో ఉన్న రోజులే. కడిగించిన మర్నాటి నుంచి మళ్ళీ మామూలు మనిషినైపోయేవాణ్ణి.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాతగారి హయాంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, పట్టాల పక్కనే స్థిరపడిపోయిన కుటుంబం. నాన్న షెడ్డులో ఎలక్ట్రిక్ ఫిట్టరు. ఆయన దృష్టిలో లోకంలోని వస్తువులు రెండే రకాలు: తీగ ఉన్నవి, నమ్మకూడనివి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చేతిలో ఒక డిగ్రీ, మెడలో మావయ్య వాడి వదిలేసిన ఒక కెమెరా ఉండేవి. స్టూడియో పెట్టుకుంటానని నేను, రైల్వే పరీక్ష రాయమని నాన్న. (అమ్మ మా ఇద్దరికీ సమానంగా కూర వడ్డించేది. ఆవిడ అభిప్రాయం అంతవరకే తెలిసేది.) చిన్నక్క పెళ్ళి కుదిరాక నాన్న ఒక ఒప్పందానికి వచ్చాడు. "మన తరపు పోటోలు నువ్వే తియ్యి. బాగొచ్చేయనుకో, స్టూడియో ఎట్టుకో, నానేటీ అన్ను. బాగా రాపోతే మాత్రం నోర్మూసుకోని ఫారం నింపాల. అచ్ఛా?" అన్నాడు. నేను కూడా "అచ్ఛా" అన్నాను. చిన్నక్క మాత్రం పెళ్ళికూతురై ఉండి కూడా సిగ్గుపడకుండా, "నా పెళ్ళితోనేటి నాన్నా పందేలు? ఈడికి పరీచ్చెట్టాలంటే ఇంకేదీ దొరకనేదా?" అంది. ఎవరూ వినిపించుకోలేదు.

మావాళ్ళ పెళ్ళిళ్ళలో అటొక ఫొటోగ్రాఫరు, ఇటొక ఫొటోగ్రాఫరు ఉండడం ఆనవాయితీ. ఒకే మనిషి తీస్తే రెండోవారి చుట్టాల తలలు కోసేస్తాడని ఉభయపక్షాలకీ భయం. మగపెళ్ళివారు ఊళ్ళో తెలిపారా బజారులో దుకాణం ఉన్న ఒక హిందీ ఆయన్ని మాట్లాడుకున్నారు. ఆయన్ని కాలనీలో అందరూ తెలిపారా భయ్యా అనేవారు. నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. ఆయన ఫొటోల్లో మనుషులు అట్టకి అతికించిన రొట్టెల్లా చదునుగా ఉండేవారు, వెనక గోడ మీద నల్లటి నీడ పడేది. కెమెరా నెత్తిన ఒక్కటే ఫ్లాషు పెట్టి కొడితే అంతే మరి. నావీ అలాగే ఉండేవనుకోండి, కాని నాకు ఆ సంగతి తెలుసు, ఆయనకి తెలియదు. అదీ నా గొప్ప. పక్క నుంచి ఇంకో ఫ్లాషు కూడా వెలగాలి, అదీ తీగ లేకుండా వెలగాలి అని ఏదో పత్రికలో చదివి, కలకత్తా బండి మీద వెళ్ళే గార్డు బాబాయిని బతిమాలి ఇంకో ఫ్లాషూ, దానికి తగిలించే ఒక వస్తువూ తెప్పించాను. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దానికి గాజు కన్నొకటి. దాన్ని రెండో ఫ్లాషుకి తగిలించి దూరంగా పెడితే, కెమెరా మీది ఫ్లాషు వెలగడం ఆ కన్ను చూసి, అదే క్షణంలో రెండోదాన్ని కూడా వెలిగిస్తుంది. దుకాణంవాడు దాన్ని స్లేవ్ అన్నాట్ట, అంటే బానిస.

ఇంట్లో ప్రదర్శన పెట్టాను. నడిమిగదిలో లైటార్పి, రెండో ఫ్లాషు బీరువా మీద పెట్టి, నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి నొక్కాను. రెండు వైపులా ఒక్కసారే వెలిగింది. అమ్మ "ఓలమ్మో, పిడుగేటిరా!" అని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాన్న లేచి, బీరువా వెనక్కి వెళ్ళి, టార్చిలైటు వేసి తీగ కోసం వెతికాడు. దొరకలేదు.

"తీగ నేకుండా ఎలగెలిగిందిరా?"

"ఆ కన్ను చూస్తుంది నాన్నా. నా ఫ్లాషు వెలిగితే చూసి అదీ వెలుగుతుంది."

"నీ ఫ్లాషేనని దానికెవుడు సెప్పినాడు?"

నేను నవ్వాను. పాతకాలం మనిషి, తీగలతో బతికినవాడు, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళలో నేను నవ్విన నవ్వులన్నిటిలోనూ వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే.

ముహూర్తం పొద్దున్న పదిన్నరకి. అయినా రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు కిటికీలన్నిటికీ షామియానా గుడ్డలు కట్టడం వల్ల లోపల ముహూర్తం సాయంత్రానికి ఉన్నట్టుంది. నా రెండో ఫ్లాషుని పందిరి గుంజకి పైజమా బొందుతో గట్టిగా కట్టాను. (పైజమా ఎవరిదని తరవాత చాలాసేపు విచారణ జరిగింది. అది మనకి అప్రస్తుతం.) ఒకసారి వెలిగాక ఆ ఫ్లాషు సన్నగా కుయ్‌మంటూ మళ్ళీ నిండడానికి పదిహేను సెకన్లు పడుతుంది. నిండితే వెనక ఎర్ర దీపం వెలుగుతుంది. అంచేత నేనొక పద్ధతి పెట్టుకున్నాను: గుంజ వైపు తిరిగి ఎర్ర దీపం చూడాలి, వెలిగి ఉంటే ఇటు తిరగాలి, కెమెరా సరిచేసుకోవాలి, నొక్కాలి. పద్ధతి ఉన్న మనిషి తొందరపడకూడదు. తెలిపారా భయ్యాకి పద్ధతీ పాడూ లేదు, కనిపించినదల్లా కొట్టుకుంటూ పోయాడు. నేను ఇటు తిరిగేలోపు ఆయన ఒకటి కొట్టేసేవాడు. హాలంతా తెల్లగా వెలిగేది. 'ఈయన ఫ్లాషు బాగా బలమైనదే' అనుకుంటూ నేను నాది నొక్కేవాణ్ణి. జీలకర్ర బెల్లం దగ్గరా అంతే, తలంబ్రాల దగ్గరా అంతే. తాళి కట్టేటప్పుడు మాత్రం ఏమరుపాటు పనికిరాదని గుంజ వైపు రెండుసార్లు చూశాను. మగపెళ్ళివారి పెద్దాయనొకరు, "ఏటయ్యా బాబూ, పెళ్ళిక్కడవుతాంటే గుంజకి దండమెడతావేటి?" అన్నాడు. జాలిగా నవ్వి ఊరుకున్నాను.

తరవాత పది రోజులూ నా జీవితంలో స్వర్ణయుగం. స్టూడియోకి పేరు కూడా ఆలోచించి, నోటుబుక్కు వెనక నాలుగు రకాల అక్షరాల్లో రాసి చూసుకున్నాను.

రెండు ఆల్బములూ ఒకే ఆదివారం ఇంటికి వచ్చాయి, మగపెళ్ళివారు తమది చూసి ఇమ్మని పంపారు. నాన్న చాప మీద పక్కపక్కన పరిచాడు. నా ఫొటోల్లో అందరూ ఉన్నారు. ఎవరి తలా కోసుకుపోలేదు. చదునైన మొహాలూ, వెనక నల్లటి నీడలూ కూడా ఉన్నాయి. తెలిపారా భయ్యా ఆల్బం తెరిచేసరికి అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని దగ్గరికి జరిగింది. చిన్నక్క బుగ్గ మీద పక్క నుంచి మెత్తటి వెలుగు పడింది. తలంబ్రాల గింజ గింజా గాలిలో మెరుస్తోంది. తాళి కట్టే ఫొటోలో బావగారి వేళ్ళ మధ్య పసుపుతాడు పోగులు కూడా లెక్కపెట్టవచ్చు. ఆ వెలుగు ఎటు నుంచి వచ్చిందో చూశాను. పందిరి గుంజ వైపు నుంచి వచ్చింది. అప్పుడు నాకంతా ఒకేసారి అర్థమైంది. నా బానిస ఆ పొద్దంతా ఆయనకే ఊడిగం చేసింది. ఆయన కొట్టినప్పుడల్లా వెలిగి, నేను నొక్కే వేళకి ఖాళీ అయిపోయి కుయ్‌మంటూ కూచుంది.

"నాన్నా, ఆ లైటు నాది," అన్నాను. కన్ను గురించి, ఎర్ర దీపం గురించి, పదిహేను సెకన్ల గురించి మొత్తం చెప్పాను. నాన్న శ్రద్ధగానే విన్నాడు. ఆయన ఫిట్టరు, యంత్రం సంగతి చెబితే అర్థమవుతుంది. అంతా విని, నా ఆల్బం మూసి, "నిజివేరా. కాని నీ లైటయితే నీ పోటోలో ఉండాల గదేటి?" అన్నాడు. మర్నాడు ఫారం నింపాను. నాన్న సంతకం పెట్టాడు. చిన్నక్క అత్తారింటి నుంచి, 'మా వైపు తీసిన ఫొటోలు చూసి ఇక్కడందరూ మెచ్చుకుంటున్నారు, నువ్వు బాధపడకు' అని ఉత్తరం రాసింది. బాధ ఆ ఉత్తరంతోనే ఎక్కువైంది.

ఆ తరవాత గుమస్తాగా చేరి, రైళ్ళ లెక్కలు రాసి, రిటైరై, ఊరి చివర మోప్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. మొన్న రిటైరైనవాళ్ళకిచ్చే రైలు పాసు కార్డుకి ఫొటో కావాలంటే, ఎందుకో కాళ్ళు తెలిపారా వైపే నడిచాయి. దుకాణం ఉంది, భయ్యా ఉన్నాడు, జుట్టు మాత్రం లేదు. నన్ను గుర్తుపట్టలేదు. గోడ మధ్యలో పెద్ద చట్రంలో చిన్నక్క తలంబ్రాలు పోసుకుంటోంది. "చాలా బాగుంది," అన్నాను హిందీలో. ఆయన చేస్తున్న పని ఆపేసి ఆ ఫొటో కేసి చూశాడు. "ఆ ఒక్క ఫొటోతో నాకు పేరొచ్చింది సాబ్. కాని ఆ రోజు ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదు. మళ్ళీ అదే హాలుకి వెళ్ళాను, అదే చోట నిలబడ్డాను, అదే కెమెరా. జీవితమంతా ప్రయత్నించాను. ఆ వెలుగు మళ్ళీ రాలేదు," అన్నాడు.

ఈ మాట కోసమే ఇన్నేళ్ళూ బతికానేమో అనిపించింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కాని ఆయన ఇంకా ఆ ఫొటో కేసే చూస్తున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా చిన్నక్క కేసి అంత ఆప్యాయంగా మా బావగారు కూడా చూసి ఉండడు. "మీ చేతి చలవ," అన్నాను.

ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు అటొకటి ఇటొకటి గొడుగు లైట్లు, రెండింటికీ తీగల్లేవు. నాన్న గుర్తొచ్చి, పెళ్ళినాటి అలవాటుగా కుడివైపు తిరిగి ఎర్ర దీపం కోసం చూశాను. "ఇటు చూడండి సాబ్," అన్నాడు. చూశాను. రెండూ ఒక్కసారే వెలిగాయి. ఆఫీసులో కుర్రాడు ఆ ఫొటో తిప్పి పంపేశాడు, కార్డు ఫొటోలో నవ్వకూడదట. వేరేది తీయించుకుని ఇచ్చాను. ఇది మాత్రం ఇంట్లో నాన్న పటం పక్కన పెట్టాను. చూస్తాడని. నా మొహం మీద రెండు వైపులా వెలుగుంది.