తెరమీద నా బిడ్డ గుండె

రెండేళ్ల కిందటి మాట. నేను తమిళనాడులోని కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేస్తున్నాను. మా పాప వెన్నెలకు అప్పుడు ఎనిమిది నెలలు. తాగిన పాలన్నీ కక్కేసేది. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి రెండుసార్లు చావు అంచుదాకా వెళ్లొచ్చింది. విరుదునగర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, కడుపు దాటించి పేగులోకి పాలు పంపుదాం. ఎక్స్‌రే తెరమీద చూస్తూనే వేస్తాం" అని తమిళంలో చెప్పింది.

ఎక్స్‌రే తగలకుండా నాకు బరువైన సీసపు కోటు తొడిగి, పాప తల పట్టుకోమన్నారు. గొట్టం కడుపులోనే రెండుసార్లు చుట్టుకుపోయింది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇక చాలు, ఆపేయండి అని బతిమాలాను.

"ఒక్కసారి తెర చూడమ్మా" అంది డాక్టరమ్మ.

చిట్టి పక్కటెముకల మధ్య గుండె నీడ గబగబా కొట్టుకుంటోంది! నా బిడ్డ ఒంటి లోపలికే చూస్తున్నాను. పాప చెవి దగ్గర వంగి, "బయపడకు నా తల్లీ, అమ్మ ఈడనే ఉండాను" అన్నాను. ఏడుపు తగ్గింది. తెరమీద సన్నని గీత మెల్లగా వంపు తిరిగి పేగులోకి జారింది.

ఆ సాయంత్రం గొట్టంగుండా పంపిన పాలు ఒక్క చుక్కా బయటికి రాలేదు.

ఇప్పుడు వెన్నెల తన చేత్తోనే అన్నం తింటోంది. అది ముద్ద మింగిన ప్రతిసారీ, లోపల ఆ ముద్ద పోయే దారి నాకు కనబడుతున్నట్టే ఉంటుంది.