తాళం ఎవరు పగలగొట్టారని అడిగారు

మోపిదేవి దాటి సముద్రం వైపు వెళ్లే బస్సు ఆఖరున ఆగే ఊరికి నన్ను లైబ్రేరియన్‌గా వేశారు. మాది బందరు. నాన్న కలంకారీ అద్దకం పని చేసేవారు. "ఆ ఊళ్లో మన సాయిబుల ఇల్లు ఒక్కటైనా ఉందో లేదో, ఒక్కదానివీ ఎలా ఉంటావే?" అని అమ్మ గొడవపెట్టింది. "పుస్తకాల మధ్య ఉద్యోగం, వెళ్లనీ" అన్నారు నాన్న. చిన్నప్పుడు బందరు గ్రంథాలయానికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది ఆయనే. ఆయనకు చదవడం రాదు. నేను చదువుతుంటే పక్కన కూర్చుని బొమ్మలు చూసేవారు.

ఆ ఊళ్లో గ్రంథాలయం కాలవ గట్టు మీద ఉండేది. ఒక పక్క రైతుల పెద్దవీధి, ఇంకో పక్క చేపలు పట్టేవాళ్ల పాకలు. రెండు గదుల స్లాబు భవనం. డాబా మీదికి మెట్లు లోపలి గదిలోంచి ఉండేవి. పొద్దున పూట పెద్దవీధి మగవాళ్లు వచ్చి పేపర్లు పంచుకుని, ధాన్యం ధరల గురించీ రాజకీయాల గురించీ అరుచుకుని భోజనాలకు వెళ్లిపోయేవారు. పంచాయతీ ప్రెసిడెంటుగారికి ఒక చేతుల కుర్చీ ఉండేది. ఆయన రాకపోయినా అందులో ఎవరూ కూర్చునేవారు కారు. మధ్యాహ్నం నుంచి నేనూ, బీరువాలూ.

మహిళల కోసం ఏదైనా కార్యక్రమం పెట్టమని పైనుంచి ఆర్డరు వచ్చింది. నన్నడిగితే ఆ ఆర్డరు వేసినవాళ్లకు కూడా అది జరుగుతుందన్న నమ్మకం లేదు. నేను మాత్రం నమ్మాను. గురువారం బస్సులో బందరు నుంచి వారపత్రికలు వచ్చేవి. గురువారం మధ్యాహ్నం సీరియల్ చదివి వినిపిస్తానని రెండు పక్కలా ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

మొదట పెద్దవీధి ఆడవాళ్లు వచ్చారు. ప్రెసిడెంటుగారి భార్య కూడా వచ్చారు. తర్వాత పాకల వైపు నుంచి ఒకామె ఖాళీ చేపల తట్టతో వచ్చి గుమ్మం బయట చతికిలబడింది. వెంట ఆమె చెల్లెలు, చంకలో పసిపిల్ల. తట్టతో వచ్చినామె నాకంటే పదేళ్లు పెద్దది కావచ్చు. భర్త లేడు. గట్టి గొంతు. నేను ఆ వారం భాగం చదవడం అయ్యేదాకా కిక్కురుమనకుండా విని, ఆఖర్న అంది:

"ఆ పిల్లకి బుద్ధుందా అమ్మాయిగారూ? వాడు మళ్లీ వస్తానంటే నమ్మి తలుపు తీసిద్దా?"

లోపల కూర్చున్నవాళ్లు నవ్వారు. ప్రెసిడెంటుగారి భార్య కూడా నవ్వారు. ఆ గురువారం నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నేను ఉద్యోగంలో చేరింది దీనికే అనుకున్నాను.

ఆ తర్వాత పాకల ఆడవాళ్లు గుంపుగా రావడం మొదలుపెట్టారు. వాళ్లను లోపలికి రమ్మన్నాను. వచ్చారు. దాంతో పెద్దవీధి వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. ఎవరూ నాతో ఏమీ అనలేదు. ఒకరోజు ప్రెసిడెంటుగారే తన కుర్చీలో కూర్చుని చెప్పారు.

"చూడమ్మాయ్, మా ఆవిడ రాలేకపోతోంది. ఆ నీచువాసన నీకెట్లా పడుతుందో గాని, అందరికీ పడదు గదా."

"వేరే రోజు పెట్టమంటారా అండీ?"

"రోజు సంగతి కాదు. గ్రంథాలయమంటే నాలుగు పేపర్లు, నలుగురు పెద్దమనుషులు కూర్చోడానికి చోటు. ఇది సంత కాదు."

నేను మానలేదు. ఆయన కూడా అప్పటికి ఊరుకున్నారు. అక్క అని పిలవడం అలవాటైంది నాకు ఆ చేపలామెను. ఆమెకు గురువారం దాకా ఆగడం కష్టంగా ఉండేది. "మీరు చదివితేగాని మాకు తెలవదు. మాకే వస్తే?" అని ఒకరోజు పలక తెచ్చుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరికీ అక్షరాలు పెట్టాను. చెల్లెలికి తొందరగా వచ్చాయి. అక్కకు గుణింతాలు ఒక పట్టాన లొంగేవి కావు. కొమ్ము మరిచిపోయి చెల్లెలి చేత తిట్లు తినేది. అయినా వానాకాలం పోయేసరికి సీరియల్ పేరూ, కింద పెద్దక్షరాల్లో ఉండే మాటలూ కూడబలుక్కుని చదివేది.

డెబ్భై ఏడు నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు నన్ను బందరు రమ్మన్నారు. మహిళా కార్యక్రమం గురించి సభలో మాట్లాడాలి. ఊరు వదిలితే తాళంచెవి ప్రెసిడెంటుగారింట్లో ఇవ్వాలన్నది రూలు. ఇచ్చి వెళ్లాను. సభలో మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆ వారం దాటకముందే ఉప్పెన వచ్చింది.

బందరులో మా ఇంటి పెంకులన్నీ ఎగిరిపోయాయి. మేమంతా పక్కింటి మేడ మెట్ల కింద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. అదే పెద్ద ఆపద అనుకున్నాం. తర్వాత దివిసీమ నుంచి వార్తలు రావడం మొదలైంది. బస్సులు లేవు. దారి కాస్త తెరిపిన పడ్డాక సాయం సరుకు తీసుకెళ్లే లారీలో నాన్న నన్ను తీసుకెళ్లారు. కోతకొచ్చిన చేలు బురద కింద పడుకుని ఉన్నాయి. దారి పక్క తుమ్మచెట్లలో ఇరుక్కున్నవి బట్టలో మనుషులో చూడకుండా నాన్న నా తలను తన భుజానికి అదుముకున్నారు.

పాకల వైపు ఏమీ లేదు. ఒక్క గుంజ కూడా లేదు. పెద్దవీధిలో డాబాలు నిలబడ్డాయి. గట్టు మీద మా గ్రంథాలయం నిలబడింది. లోపల నడుమెత్తు దాకా బురద గీత, ఉబ్బి పగిలిన పుస్తకాలు. డాబా మీద మనుషులున్నారు. అక్క కూడా అక్కడే ఉంది. నన్ను చూసి లేచి రాలేదు. నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పొద్దున్నుంచీ గాలి," అంది. "మధ్యాహ్నానికి కప్పులు లేచిపోయినై. మావాళ్లు పోయి ప్రెసిడెంటుగారిని తాళంచెవి అడిగారు. 'గవర్నమెంటు పుస్తకాలురా, తడిస్తే జవాబెవరు చెప్తారు, గుడికి పోండి' అన్నారంట. గుడిదాకా ఎక్కడ పోతాం అమ్మాయిగారూ, నిలబడ్డానికే లేకపోతే? రోకలి తెచ్చి నేనే కొట్టా. తాళం ఊడలా, గొళ్లెం ఊడింది. అందరం లోపలికి పోయాం. నీళ్లొచ్చినాక మెట్లెక్కి పైకొచ్చాం."

"చెల్లెలు?"

"తాళం కాడ ఆలస్యమయింది గదా. పాకలో ఉండిపోయిన ముసలి అత్తని తీసుకొస్తానని మళ్లీ పోయింది. పిల్లని నాకిచ్చి పోయింది. నీళ్లు ముందొచ్చినై."

పిల్ల ఆమె ఒళ్లో నిద్రపోతోంది. ప్రెసిడెంటుగారు తాళంచెవి ఇచ్చి ఉంటే ఆ ఆలస్యం ఉండేది కాదు.

నేను ఆ ఊళ్లోనే ఉండిపోయాను. డాబా మీదే అన్నం వండేవారు, డాబా మీదే పడుకునేవారు. వారపత్రికలు మళ్లీ రావడం మొదలైన గురువారం, నేను కట్ట విప్పకుండా పక్కన పెట్టాను. అక్కే అడిగింది. "అమ్మాయిగారూ, ఆ తలుపు తీసిన పిల్ల ఏమయింది?" చదివాను. అందులో హీరోయిన్ పుట్టినరోజు, కొత్త పట్టుచీర రంగు ఆమెకు నచ్చలేదు. చదువుతుంటే నాకే సిగ్గేసింది. నలుగురైదుగురు విన్నారు. అక్క, "పోన్లే, ఆ పిల్లన్నా బాగుంది" అని లేచి వెళ్లింది.

కొత్త సంవత్సరం వచ్చాక పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు, నష్టం చూడటానికి. బురద పుస్తకాల గుట్ట చూశారు, ఊడిన గొళ్లెం చూశారు.

"తాళం ఎవరు పగలగొట్టారు?" అని అడిగారు.

ప్రెసిడెంటుగారు పక్కనే ఉన్నారు. "ఆ గందరగోళంలో ఎవరని చెప్తామండీ? అలగా జనం" అన్నారు.

గుమ్మం బయట నిలబడి ఉన్న అక్క లోపలికి వచ్చింది. "నేనేనండీ పగలగొట్టింది."

ఆఫీసరు ఆమెను చూసి, నన్ను చూశారు. "ఆవిడ్ని పంపించెయ్యమ్మా. గుర్తుతెలియని వ్యక్తులు అని రాసేద్దాం. పేరు రాస్తే పోలీసు కంప్లయింటు ఇవ్వాల్సొస్తుంది, ఆవిడకే ఇబ్బంది."

"గుర్తు తెలియకపోవడమేందండీ, ఇక్కడే ఉన్నాగా!" అంది అక్క.

"ఈ మెట్ల మీదుగా ఎక్కినవాళ్లే పాకల వైపు మిగిలిందండీ. ఆ సంగతి రాయరా?" అన్నాను.

"అది రెవెన్యూ వాళ్లు చూసుకుంటారమ్మా. మనది గ్రంథాలయాల శాఖ."

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే ఆమెకు మేలు చేస్తున్నాననుకున్నారు. అందుకే ఆయన మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ప్రెసిడెంటుగారిని తాళంచెవి గురించి ఎవరూ అడగలేదు. నేను చెప్పబోతే ఆఫీసరు బస్సుకు టైమయిందన్నారు.

ఆ తర్వాత మా భవనాన్ని సిమెంటు బస్తాలకు గోడౌను చేశారు. ఇళ్లు కట్టే పని అయిపోయాక తిరిగి ఇస్తామన్నారు. ఈలోగా ప్రెసిడెంటుగారు పెద్దవీధిలో తన ఇంటి పక్క స్థలం దానం చేశారు. విరాళాలతో కొత్త గ్రంథాలయం లేచింది, ముందు పాలరాతి మీద ఆయన తండ్రిగారి పేరు. నగరాల నుంచి దయగల వాళ్లు పుస్తకాలు పంపారు. కట్టలు విప్పితే పాత సిలబస్ గైడ్లు, అట్టలు లేని ఇంగ్లీషు నవలలు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకునే పుస్తకాలు. వాటిని బీరువాల్లో సర్దింది నేనే.

ప్రారంభోత్సవానికి బందరు నుంచి, గుడివాడ నుంచి పెద్దలు వచ్చారు. ప్రళయంలో కూడా పుస్తకం మనిషిని కాపాడిందని ఒకాయన ప్రసంగించారు. పాకల వాళ్లు వీధి మలుపు దగ్గర నిలబడి చూశారు. ప్రెసిడెంటుగారికి వందన సమర్పణ నన్ను చెయ్యమన్నారు. చెయ్యనన్నాను. మైకు ముందు కాదు, ముందురోజే, ఆయన ఇంటికి వెళ్లి చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. "మీవాళ్లున్న చోటికి వెళ్తే నీకూ బాగుంటుందమ్మాయ్" అన్నారు నెమ్మదిగా. నెల తిరక్కుండా గుడివాడకు ట్రాన్స్‌ఫరు వచ్చింది. గురువారం కార్యక్రమం రికార్డులో ఉండిపోయిందేమో తెలియదు, ఊళ్లో మాత్రం లేదు.

గుడివాడలో పెద్ద హాలు, పెద్ద బల్లలు. పొద్దున్నే నిరుద్యోగులు ఉద్యోగ ప్రకటనల పేజీ కోసం పోట్లాడుకునేవారు. మహిళల విభాగం అని బోర్డున్న గదిలో విరిగిన కుర్చీలు వేసి ఉండేవి. ఆ గది తాళం తీయిద్దామని ఒకసారి అడిగాను. ఆడవాళ్లు ఎవరొస్తారమ్మా, అన్నారు. ఈసారి నేను ఇల్లిల్లూ తిరగలేదు.

డెబ్భై తొమ్మిదిలో గుడ్లవల్లేరు స్నేహితురాలితో కలిసి దివిసీమ వైపు ఒక పెళ్లికి వెళ్లాను. మోపిదేవిలో బస్సు మారుతుంటే అక్క కనిపించింది. గుడి బయట రోడ్డు పక్కన జామకాయలు అమ్ముతోంది. చేపలు మానేసిందట. సముద్రం వైపు చూడబుద్ధి కావడం లేదంది. చెల్లెలి పిల్ల పక్కన నిలబడి జామకాయ కొరుకుతోంది.

"కొత్త లైబ్రరీకి వెళ్తున్నావా అక్కా?" అడిగాను.

"ఒకసారి పోయా. ఏం కావాలన్నాడు ఆయనెవరో. చదువుకుంటానన్నా. ఆడాళ్ల రోజు ఇప్పుడు లేదన్నాడు. బయట కూర్చుంటానన్నా. ప్రెసిడెంటుగారి వాకిలి, అక్కడ కూర్చోకూడదన్నాడు." జామకాయలు మళ్లీ కుప్ప పోస్తూ అంది, "అక్షరాలు పోతున్నయ్ అమ్మాయిగారూ. మొన్న బస్సు మీద పేరు చదవబోతే సగం రాలా."

"వారపత్రిక నేను పంపిస్తాను. అడ్రసు చెప్పు."

"వద్దులెండి," అంది. "ఒక్కదాన్నీ చదువుకుని ఎవరితో చెప్పుకోను? కొమ్ము మర్చిపోతే తిట్టడానికన్నా ఎవరో ఒకరుండాల గదా."

నా బస్సు వచ్చింది. ఎక్కమని తనే తొందరపెట్టింది. కిటికీలోంచి రెండు జామకాయలు అందించి, డబ్బులివ్వబోతే వెనక్కి జరిగింది. పక్క సీట్లో స్నేహితురాలు ఆమె ఎవరని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను గాని, పెళ్లివారి ఊరు వచ్చేలోగా గ్రంథాలయం తాళం దాకా కూడా రాలేకపోయాను.