చెవిలో పోసిన నూనె

శనగనూనెలో వెల్లుల్లి కాగే వాసన వస్తే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను. వీధిలోకి పోయి అటూ ఇటూ తిరుగుతాను. సింహాద్రిపురం దగ్గరి చిన్న ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరమ్మ గుర్తుకొస్తుంది.

అరవై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. నేర్పింది మూడో తరగతి చదివే మనవరాలు లక్ష్మి. ఒకనాడు పక్కింటివాళ్ల ముందు చదవబోయి తడబడితే అది నవ్వింది. చెంప మీద కొట్టాను. దెబ్బ చెవికి తగిలింది. నొప్పని ఏడుస్తుంటే మా ఇంటామె వెల్లుల్లి కాచిన నూనె పోసింది. మా వైపు చెవిపోటుకు అందరూ చేసేదే. రెండు రోజులకు చెవి కారింది. ఆసుపత్రికి పోతూ ఆటోలో నేనే చెప్పాను, "అడిగితే మెట్ల మీద పడినానని చెప్పు."

డాక్టరమ్మ లైటున్న గొట్టంతో చెవిలోకి చూసింది.

"ఏమన్నా పోసినారా?"

"నూనె" అన్నాను.

"అది గొంతులోకి దిగింది మేడం. వెల్లుల్లి రుచి తగిలింది" అంది లక్ష్మి.

"కర్ణభేరికి చిల్లి పడింది పెద్దాయనా. చిల్లి లేకుంటే నూనె గొంతులోకి రాదు. ఎట్లా తగిలిందమ్మా?"

"మెట్ల మీద పడినా."

"పడితే మోకాలన్నా గీరుకపోవాల గదా. యాడుంది?"

లక్ష్మి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

డాక్టరమ్మ లక్ష్మిని నర్సు దగ్గరికి పంపింది. "మింగే మందు రాస్తా. చెవిలో ఏమీ పోయొద్దు, నీళ్లు పోనీయొద్దు. ముక్కు గట్టిగా చీదనీయొద్దు. శానామందికి దానంతటదే మూసుకుంటాది. లేకుంటే ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి పంపిస్తా."

"వినబడుతాదా?"

"ఇప్పుడే చెప్పలేను. కొట్టింది మీరు, అబద్ధం బిడ్డ చేత చెప్పిస్తాండారు. దానికి నా దగ్గర మందు లేదు."

ఆ తర్వాతి వారాలు నాకు నిలకడ లేదు. లక్ష్మి వెనక నిలబడి మెల్లగా పిలిచేవాణ్ణి. ఒకసారి తిరిగేది, ఒకసారి తిరిగేది కాదు. రెండో నెలలో డాక్టరమ్మ మళ్లీ గొట్టంతో చూసి, బాగున్న చెవి మూసి, వెనకనుంచి గుసగుసగా "జమ్మలమడుగు" అంది.

"జమ్మలమడుగు" అంది లక్ష్మి.

"చిల్లి మూసుకుంది" అని డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇంట్లో చెప్పినారా?"

చెప్పలేదు. ఆ సాయంత్రం లక్ష్మి ఎదుటే నా కొడుకుకు చెప్పాను. వాడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

లక్ష్మి ఇప్పుడు కాలేజీకి పోతోంది. చక్కగా వింటుంది. అయినా పక్కనుంచి నా చెయ్యి లేస్తే దాని భుజం బిగుసుకుంటుంది. అందుకే చెంబు కోసమైనా సరే, దేనికి చెయ్యి చాస్తున్నానో ముందే చెబుతాను.