లింగమ్మ చూసిన కార్డు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. నమ్మనిచ్చే ఉద్యోగం కూడా కాదు నాది. సినిమా హాల్లో ఆపరేటరుగా చేశాను. తెర మీద ఏడ్చే మనిషైనా, ఎగిరే గుర్రమైనా నా చేతిలోని ఫిల్ములోంచి రావలసిందే. అందులో లేనిది తెర మీద పడదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా బుద్ధి ఎంత చెడ్డదో కూడా దాచను, దాస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

మాది కడప. ఈరన్నది కోసిగి. నాటకాల కంపెనీలో అతను హార్మోనియం వాయించేవాడు, నేను తెర వెనక మాటలు అందించేవాడిని. ఇద్దరం కలిసే మద్రాసు పోయాం. ఒకే స్టూడియోలో అసిస్టెంట్లుగా చేరాం, కోడంబాకంలో ఒకే గదిలో ఉన్నాం. అక్కడే ఒక కరువు కథ అల్లుకున్నాం. ఊరు విడిచి కూలికి పోయే మొగుడూ పెళ్లాల కథ. సీను అతను చెబితే మాటలు నేను రాసేవాడిని. ఇంతలో మా నాయన చనిపోయాడు. ఇల్లు నా మీద పడింది, మళ్లీ మద్రాసు పోలేకపోయాను. కర్నూల్లో ఒక హాల్లో పని దొరికింది.

ఈరన్న అక్కడే ఉండి దర్శకుడయ్యాడు. మొదటి సినిమా ఆడలేదు. రెండోది మా కరువు కథ. అది బ్రహ్మాండంగా ఆడింది. పత్రికల్లో అతని ఫొటో, టోపీ పెట్టుకుని కెమెరా పక్కన. నాకు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు.

నిజం చెప్పాలంటే కుళ్లి చచ్చాను. అన్నం తింటున్నా ఆ టోపీయే కళ్ల ముందు ఉండేది. అతని వంకర ముక్కు, పల్లెటూరి యాస, అన్నీ మా ఆవిడ దగ్గర వెక్కిరించేవాడిని. "నువ్వూ ఆడే ఉండింటే నీకూ ఒక టోపీ ఇచ్చిందురు లే, తిను" అనేది ఆమె.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. గుడారాల్లో కాపురముండే గుమాస్తాలతో హాలు ఎప్పుడూ నిండుగా ఉండేది. ఆ సినిమా ప్రింటు మా హాలుకే వచ్చింది.

కొత్త ప్రింటు వస్తే మొదటి ఆటకు ముందే ప్రతి రీలూ చేత్తో తిప్పి, వేళ్ల మధ్య పోనిచ్చి చూడాలి. ఫిల్ము అంచుల్లోని చిల్లులు చిరిగినచోట ఆ ముక్క కోసేసి, ఫిల్ము అతికే సిమెంటుతో అతకాలి. ఎంత కోశావని ఆపరేటరును అడిగేవాడు ఉండడు. మొదటి రీల్లో సంగీతం ఆయన పేరు పడే కార్డు దాటాక వచ్చింది: "కథ, దర్శకత్వం: ఈరన్న". నా పేరు ఎక్కడా లేదు. అక్కడ చిల్లు ఒక్కటి కూడా చిరగలేదు. అయినా ఆ కార్డు మొత్తం కోసేశాను. రెండు కొసలూ అతికి, కోసిన ముక్కను సిగరెట్ డబ్బాలో పెట్టాను. ఆటలో సంగీతం పేరు పోగానే బీటలు వారిన చేను వచ్చింది. ఎవరూ గమనించలేదు. వారం రోజులు ప్రతి ఆటకూ క్యాబిన్ కంతలోంచి అది చూసి సంతోషపడ్డాను.

రెండో వారం, ఆదివారం మ్యాటినీకి ఈరన్న తల్లి లింగమ్మ వచ్చింది. ఒకసారి వాళ్లింట్లో ఆమె చేతి జొన్నరొట్టె తిన్నాను కాబట్టి నన్ను ఎరుగును. కోసిగి నుంచి బస్సులు మారి వచ్చింది. సంచిలోంచి పలక తీసి చూపించింది. దాని మీద కొడుకు పేరు ఉంది.

"మావోని పేరు పడతాదంట గదా ఓబులేసూ. బడి అయివారు రాసిచ్చినాడు. నెల దినాల నుంచి దిద్దుకుంటాండా, చూస్తే గుర్తుపట్టల్ల గదా."

ఆమెకు చదువు రాదు. ఆ మూడక్షరాలు తప్ప ఇంకేమీ తెలియదు. అప్పటికే గంట కొట్టారు, రీలు మిషను మీద ఉంది. పది నిమిషాల టైముంటే అతికించేవాడినే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. టైమున్నా అతికించేవాడిని కాదేమో.

ఆట మొదలైంది. సంగీతం పేరు, వెంటనే చేను. కంతలోంచి నా కళ్లతో చూశాను.

ఆట వదిలాక ఆమె క్యాబిన్ మెట్ల దగ్గరికి వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "చూసినా నాయనా, శానాసేపు ఉండె" అంది. ఇంకెవరి పేరో చూసి మురిసిపోయిందనుకున్నాను. అంతలో ఆమె మెట్టు మీద కూర్చుని బలపం తీసింది.

"మావోని పేరు కింద ఇంగోటి ఉండె. ఇట్లా. ఎవురిదప్పా అది?"

ముగ్గు వేసినట్టు మెల్లగా గీసింది. కుడివైపు నుంచి మొదలుపెట్టింది, గీతలు వంకర. పూర్తయ్యాక చూస్తే ఓబులేసు. నన్ను పిలవడమే తప్ప నా పేరు రాతలో ఆమె ఎన్నడూ చూడలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఆమె పక్కనే నిలబడి ఆట చూసిన గేటు ఖాసింను అడిగాను. "ఈరన్న పేరా? యాడ పడింది? పాటలాయన పేరు పోతానే బొమ్మ మొదలాయె గదా" అన్నాడు. క్యాబిన్లోకి పోయి రీలు చూశాను. నా అతుకు అతుకుగానే ఉంది. డబ్బాలో ముక్క ముక్కగానే ఉంది. దాన్ని దీపానికి పట్టి ఒక్కొక్క బొమ్మా చూశాను. అన్నిటిలోనూ ఈరన్న ఒక్కడే. సాయంత్రం ఆటకు దాన్ని మళ్లీ అతికించాను.

రెండేళ్ల తర్వాత కడప స్టేషన్లో ఈరన్న కనిపించాడు. మూడో సినిమా పోయింది, స్టూడియోలు రానివ్వడం మానేశాయి. ట్రంకుపెట్టెతో మూడో తరగతిలో కూర్చుని కోసిగికి పోతున్నాడు, మనిషి సగమయ్యాడు. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ మొగం చూడాలంటే సిగ్గయితాంది ఓబులేసూ. ఆ కార్డు మీద ఇద్దరి పేర్లూ రాయించినా, నా దాని కింద నీది. కెమెరాతో తీసినాం గూడా. డబ్బు పెట్టిన సావుకారు ఒప్పుకోలే. దాన్ని కాల్పించి, నా ఒక్కని పేరుతో ఇంగోటి తీయించినాడు. ఆ కార్డు నేను, రాసినోడు, తీసినోడు, సావుకారు తప్ప ఎవురూ చూల్లేదు. నీకు జాబు రాయనీక చెయ్యి రాలే."

కాలిపోయిన ఆ కార్డు లింగమ్మ ఎక్కడ చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా ఒక దారీ దొరకలేదు. ఆ రోజు మాత్రం అది కూడా ఆలోచించలేదు. బండి కదిలింది. అతను నా చెయ్యి వదలకుండా మన్నించమని అడుగుతూనే ఉన్నాడు. నేను బండితోపాటు కొంతదూరం నడిచాను. అతని పేరు కోసింది నేనేనని చెప్పలేదు.