బొట్టు పెట్టిన తుపాకీ

మా అన్నయ్య నేవీలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు సబ్బవరం దారిలో ఉన్న రైఫిల్ క్లబ్బులో పిల్లలకు గురి నేర్పుతున్నాడు. పోటీలకు ఇవ్వడానికి ఆ క్లబ్బులో రెండే రైఫిళ్లు. ఒకటి పేరుమోసిన విదేశీ కంపెనీది, రెండోది మన దేశంలో తయారైనది. ఆయుధపూజ నాడు అన్నయ్య విదేశీ దానికి పెద్ద బొట్టు పెట్టి, దండ వేసి, కళ్లకద్దుకునేవాడు. రెండోదానికి చిటికెడు కుంకుమ విదిలించేవాడు. హేతువాద సభల్లో దేవుణ్ణే రుజువు అడిగేదాన్ని, కంపెనీ పేరుకు దండం పెడితే ఊరుకుంటానా?

పోయినేడాది మా అమ్మాయికి రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ వచ్చింది. వయసు దాటిపోతోంది కాబట్టి జూనియర్లలో అదే ఆఖరి అవకాశం. రెండు రైఫిళ్లలో ఒకటి ఎంచుకోవాలి.

"ఏటే అంత ఆలోసన? కళ్లు మూసుకుని ఫారిన్‌ది తీసీ. మా ఆఫీసర్లంతా దాన్నే పట్టుకునీవోరు," అన్నాడు అన్నయ్య.

"ఆఫీసర్లు పట్టుకుంటే గురి కుదిరిపోద్దేటి? ఉక్కు ఫ్యాక్టరీ జీతం తింటన్నదాన్ని నాను. మన ఇనుం ఏం తక్కువయిందన్నయ్యా?" అన్నాను.

అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మావయ్యది కంపెనీ భక్తి, నీది ఉక్కు భక్తి. నాను రెండూ పేల్సి సూత్తాను," అంది.

ఆదివారం ఆదివారం ఉక్కునగరం నుంచి బస్సెక్కి వెళ్లేది. ఒకే పెట్టెలోని తూటాలు, ఒకే దూరం. ఒకసారి ఇసుకమూట మీద ఆనించి, ఒకసారి భుజానికి ఆనించి కాల్చేది. చిల్లులు పడ్డ కార్డులన్నీ మా క్వార్టర్ గచ్చు మీద పరిచింది. మన రైఫిల్‌కి భుజానికి ఆనే మడమ ఆమె చేతికి పొడవు, అందుకే చిల్లులు చెదిరాయి. విదేశీ దానివి దగ్గరగా పడ్డాయి. కానీ శుభ్రం చేసిన ప్రతిసారీ మొదటి రెండు గుళ్లూ పైకి పోయాయి.

"నాను సెప్పనేదేటి!" అని అన్నయ్య తొడ చరిచాడు.

"నువ్వు పేరు సెప్పావు మావయ్యా. అదెక్కడ తప్పుద్దో సెప్పావా?"

పోటీ రోజున, శుభ్రం చేసి తెచ్చుకున్న విదేశీ రైఫిల్‌తో కాల్చితే, లెక్కలోకి రాని మొదటి రెండు గుళ్లూ పైకే పోయాయి. నా పక్కన కూర్చున్న అన్నయ్య జుట్టు పట్టుకున్నాడు. "పోయిందే! గురి దించుకోదేటి పిల్ల?" అని గొణిగాడు. అమ్మాయి మాత్రం గురిని పైకీ కిందికీ జరిపే మరను ముట్టుకోలేదు. ఊపిరి వదిలి మళ్లీ కాల్చింది. ఆ తర్వాత చిల్లులన్నీ నడిమి నల్ల చుక్కలోనే పడ్డాయి.

జట్టులోకి తీసుకున్నారు. అన్నయ్య రైఫిల్‌ని నిమిరి, "బంగారం! పరువు నిలబెట్టీసింది," అన్నాడు.

"ఎవులు మావయ్యా, ఇదా నానా?" అని నవ్వింది అమ్మాయి.

ఉక్కు మీద నా వాదం ఆ రోజు ఓడిపోయింది. కన్నతల్లి మాటకు కూడా రుజువు అడిగిన కూతుర్ని చూసి నేను పొంగినంతగా, ఏ సభలో చప్పట్లకూ పొంగలేదు. ఆమె రైఫిల్ గొట్టం తుడిచి పెట్టెలో పెడుతూ, "రేపు మళ్లీ మొదటి రెండూ పైకే పోతాయి," అంది, ఎంతో ధీమాగా.