నడిచే మోటారుకు ఇంటూ గుర్తు

ముప్పై ఒక్క మోటార్లను ఒకే పూట చంపిన ఘనత పల్నాడు మొత్తానికి నాకొక్కదానికే దక్కింది. అదీ నడుస్తున్న మోటార్లను, కంప్యూటర్ ముందు కూర్చుని. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

నరసరావుపేటలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివే రోజులు. మా వీధిలో ఖాదర్ బాబాయి కాలిన బోరు మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టి వైండింగ్ చేసేవాడు. ఆయన కట్టిన మోటారు ఎన్నాళ్లు కాలిపోకుండా నడుస్తుందన్నదే నా ప్రాజెక్టు. అప్పుడే పెదకూరపాడు వైపు రైతులు, ఈ సీజనుకు మోటార్లన్నీ బాబాయికే ఇవ్వాలా, గుంటూరు పంపాలా అని ఊగిసలాడుతున్నారు. "మా అమ్మాయి లెక్క కట్టింది, వచ్చి చూసుకోండి" అని బాబాయి వాళ్లను షాపుకు పిలిచేశాడు.

నేను కంప్యూటర్లో గీసిన గ్రాఫు బొమ్మలో ఉన్నది ఒకటే గీత. మోటారు కాలినప్పుడల్లా ఒక మెట్టు దిగుతుంది. నేను రైతుకు చివరిసారి ఫోన్ చేసి అడిగిన రోజుకి ఇంకా నడుస్తున్న మోటారుకు మాత్రం గీత దిగదు, దాని మీద చిన్న ప్లస్ గుర్తు పడుతుంది. ఇక్కడిదాకా బాగుంది, తర్వాత సంగతి మనకు తెలియదు అని దానర్థం. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే నేనెందుకవుతాను! ప్లస్సులు చీమల్లా ఉన్నాయని, గుర్తు మార్చే ఆప్షన్ వెతికి పట్టుకుని, ప్రతి ప్లస్సునూ ఇంత లావు ఎర్ర ఇంటూ చేసి, ఫ్లెక్సీ కొట్టించి షాపు ముందు కట్టాను.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పడగొట్టబోయే గోడల మీద వేసేది అచ్చం ఆ గుర్తేనని నాకు తట్టలేదు. వచ్చినవాళ్లకు తట్టింది.

"ఏందయ్యా ఖాదరూ, ఇన్ని పోయినయ్యా?" అంది రైతుల్లో పెద్దగొంతు కోటమ్మ పెద్దమ్మ.

"పోలేదు పెద్దమ్మా! ఇంటూ ఉన్నవే నడుస్తున్నయి!" అన్నాను.

"బతికున్నోడికి దినం చేస్తామటే, పిచ్చిమొహమా?"

"మా పుస్తకాల్లో దీన్ని సెన్సార్డ్ అంటారు..."

"పుస్తకాల్లో ఏమన్నా అనుకో. ఇంటూ కొడితే పోయినట్టే. పదండయ్యా, గుంటూరు పోదాం."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను మోటార్లు కాల్చాక పట్టుకున్నాను. బాబాయి సీజను మొత్తం నా అందాల పిచ్చికి పోతోందని ఏడుపొచ్చేసింది.

ఆయన మాత్రం నిదానంగా అడిగాడు. "పెద్దమ్మా, దసరాకి నడిచే మోటారుకు ఏం పెడతారు?"

"బొట్టు పెడతాం."

మోటార్ల మీద పేర్లు రాసే ఎర్ర రంగు డబ్బా, కుంచె నా చేతికిచ్చాడు. "పెట్టమ్మాయ్."

ఒక్కో ఇంటూ మీద గుండ్రంగా బొట్టు పెడుతూ పోయాను. బొట్టు బొట్టుకీ రైతులు వెనక్కి వచ్చారు. ఇంతలో వెంకయ్య అనే ఆయన, "నాది మొన్ననే కాలింది, నా లెక్కన ఒక బొట్టు చెరిపెయ్" అన్నాడు.

"ఆ పిల్ల అడిగిన్నాటికి నడిచిందా లేదా?" కోటమ్మ పెద్దమ్మ గద్దించింది. "తర్వాత సంగతి ఆ పిల్లకేం తెలుసు? ఉండనీ!"

రెండేళ్లు చదివి నేను చెప్పలేనిది ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. ఆ సాయంత్రమే మొదటి ట్రాక్టరు లోడు మోటార్లు షాపు ముందు దిగాయి. వెంకయ్యదే పైన ఉంది.

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా నా ప్రతిజ్ఞ: ఇక ఈ జన్మలో ఏ గుర్తు మార్చినా, మా ప్రాజెక్టు సార్ కంటే ముందు కోటమ్మ పెద్దమ్మకే చూపిస్తాను.